పల్లికాయ కొనబోతే దొరికిన చరిత్ర: అలబామాలో మేకన్ కౌంటీ

పోస్టు పెద్దగుంటది. డ్యూటీ దిగి, స్నానం చేసి, అన్నం తిన్నంక చదువుండ్రి. ముచ్చట అమెరికాదే అయినా దుబాయ్, మస్కట్, కువైట్‌లో ఉన్నోళ్లకు కూడా పనికొస్తది.

మేము అలబామా రాష్ట్రంలో ఒకే ఇంట్లో నలుగురం ఉంటాం. ఒకరు గ్యాస్ స్టేషన్‌లో, ఒకరు మోటెల్‌లో, ఒకరు గోదాములో పని. ఈ పోస్టు రాస్తున్న చెయ్యి మాత్రం సైటు సూపర్‌వైజరుది. దుబాయ్‌లో పదేళ్లు షట్టరింగ్, రాడ్‌బెండింగ్ చేసి, అక్క పెట్టిన పేపర్ల మీద ఇక్కడికొచ్చినం. చదువు పదో తరగతి. తప్పులుంటే సైసండి.

ఒక ఆదివారం మాంట్‌గోమరీ నుంచి తూర్పు దిక్కు పోతుంటే రోడ్డు పక్కన ఒక పెద్దాయన పెద్ద గిన్నెలో పల్లికాయ ఉడకబెట్టి అమ్ముతున్నడు. ఉప్పేసి ఉడకబెట్టిన పల్లికాయ! అచ్చం మన దగ్గర చేన్ల పీకినప్పుడు ఉడకబెట్టుకునేటట్టే. అమెరికాలో ఇది దొరుకుతదని మాకు అప్పటిదాకా తెల్వదు. నాలుగు సంచులు కొన్నం. "మాది కూడా పల్లికాయ పండించే జిల్లానే" అంటే ఆ పెద్దాయన నవ్వి, "అయితే టస్కీగీ చూడకుండా పోవద్దు, అరగంట దూరం" అన్నడు. గట్ల పోయినం. అటెన్క ఇంకో రెండు ఆదివారాలు పోయినం. చూసింది, చదివింది ఈడ రాస్తున్నం.

కౌంటీ అంటే మన దగ్గర చిన్న జిల్లా అనుకోండి. మేకన్ కౌంటీ అలబామాకు తూర్పు నడిమిల ఉంటది. టస్కీగీ దాని ముఖ్య పట్టణం. 2020 లెక్కల్లో కౌంటీ మొత్తం జనాభా 19,532. మన దగ్గర ఒక మండలం కంటే తక్కువ. పది మందిలో ఎనిమిది మంది నల్లజాతి వాళ్లు. రోడ్డు పొడుగునా చెట్లు, పాత చర్చీలు, మూతబడ్డ దుకాణాలు. చూస్తే ఇక్కడ ఏముందిలే అనిపిస్తది. కానీ ఈ చిన్న కౌంటీలో జరిగినన్ని సంగతులు పెద్ద పెద్ద పట్నాల్లో కూడా జరగలేదు.

ఈ నేల మొదట క్రీక్ జాతి వాళ్లది. టస్కీగీ అనే పేరు కూడా వాళ్ల ఊరి పేరే. 1832లో ఒప్పందం పేరు మీద వాళ్ల భూమి ప్రభుత్వం తీసుకుంది. అదే ఏడు ఈ కౌంటీ ఏర్పాటైంది. 1836లో వాళ్లను పడమటి దిక్కు తరిమేసిన్రు. తర్వాత పత్తి వచ్చింది. ఈ ప్రాంతాన్ని బ్లాక్ బెల్ట్ అంటరు. మన నల్లరేగడి లాంటి మన్ను, పత్తికి పెట్టింది పేరు. ఆ పత్తి చేలల్లో పని చేసింది ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు, వాళ్ల పిల్లలు. 1865లో బానిసత్వం పోయినా భూమి రాలేదు. పాలుకు చేసుడు, అప్పు, వడ్డీ. ఆ లెక్క మనకు ఎవరూ వివరించి చెప్పే పని లేదు.

ఇక సైటు మనుషులకు నచ్చే ముచ్చట. 1881 జులై 4న టస్కీగీలో నల్లజాతి వాళ్లకు ఒక బడి మొదలైంది. దానికి మూలం లూయిస్ ఆడమ్స్ అనే రేకుపని చేసే మనిషి. ఆయన ఒకప్పటి బానిస. ఎన్నికల్లో నిలబడ్డ ఒక తెల్ల నాయకుడు మీ ఓట్లు కావాలంటే, మాకు బడి కావాలని అడిగిండు. ప్రభుత్వం ఏడాదికి 2,000 డాలర్లు ఇచ్చింది. అది పంతుళ్ల జీతాలకే. భూమికి లేదు, కట్టడానికి లేదు. బడి నడపడానికి వచ్చిన బుకర్ టి. వాషింగ్టన్ కూడా బానిసగా పుట్టినోడే. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు. 30 మందితో ఒక చర్చి దగ్గర పాత గుడిసెలో పాఠాలు మొదలుపెట్టి, అప్పు చేసి పాడుబడ్డ తోట 100 ఎకరాలు కొన్నడు.

భూమి వచ్చింది, మరి బిల్డింగు ఎట్ల? ఊర్లో ఇటుక బట్టీ లేదు. మనమే చేసుకుందాం అన్నడు. విద్యార్థులు మోకాళ్ల దాకా బురదలో దిగి మట్టి తొక్కిన్రు. చదువుకుందామని వస్తే బురద తొక్కుడేందని కొందరు అలిగిన్రు. సుమారు 25,000 ఇటుకలు కోసి మొదటి బట్టీ పెడితే సరిగ్గా కాలక పోయింది. రెండోది కూడా పోయింది. మూడో బట్టీ వారం రోజులు మండాలె. వారం ఆఖర్న, ఇంకొన్ని గంటల్లో ఇటుక చేతికొస్తదనంగ నడిరాత్రి కూలిపోయింది. చేతిలో ఒక్క డాలరు లేదు. పంతుళ్లు ఇక చాలు అన్నరు. అప్పుడు ఆయన తన గడియారం తీసుకుని మాంట్‌గోమరీ పోయి 15 డాలర్లకు కుదువ పెట్టి నాలుగో బట్టీ పెట్టిండు. అది నిలబడ్డది. గడియారం మాత్రం మళ్లీ విడిపించుకోలేదట. ఇదంతా ఆయనే తన జీవిత కథలో రాసుకున్నడు.

మొదటి 19 ఏళ్లలో 40 బిల్డింగులు లేసినయి. నాలుగు తప్ప మిగతావన్నీ దాదాపు విద్యార్థుల చేతులతోనే. ఒక్క సీజన్‌లో 12 లక్షల ఇటుకలు చేసే దాకా పోయిన్రు. ఊర్లో తెల్లవాళ్లు కూడా వచ్చి ఆ ఇటుకలు కొన్నరు. నక్షాలు గీసింది రాబర్ట్ టేలర్. పెద్ద పేరున్న ఎంఐటీ కాలేజీలో చదివి, 1892లో పాసైన మొదటి నల్లజాతి ఆర్కిటెక్టు. అంటే నక్షా నల్లజాతి మనిషిది, ఇటుక నల్లజాతి పిల్లలది, కట్టింది వాళ్లే, చదివింది వాళ్లే. మేము ఆ గోడలకు చెయ్యి పెట్టి చూసినం. ఇన్నేళ్లకు కూడా గోడ గోడగానే ఉంది. మా మోటెల్ తమ్ముడు "అన్నా, మనం కట్టిన వాటిల్ల ఒక్కదాంట్లో అయినా మన పిల్లలు చదివిన్రా?" అని అడిగిండు. మా దగ్గర జవాబు లేదు.

పల్లికాయ సంగతి కూడా ఇక్కడిదే. 1896లో జార్జ్ వాషింగ్టన్ కార్వర్ ఈ బడికి వచ్చిండు. ఆయన కూడా బానిస తల్లికి పుట్టినోడు. ఏటేటా పత్తే వేసి వేసి నేల సత్తువ పోయింది, పల్లి, అలసంద, చిలగడదుంప మార్చి మార్చి వేయండి అని రైతులకు చెప్పిండు. చదువు రాని రైతు బడికి రాడు కాబట్టి, 1906లో గుర్రపు బండి మీద పనిముట్లు, విత్తనాలు వేసుకుని బడినే ఊర్లకు పంపిన్రు. 1916లో పల్లిని ఎట్ల పండించాలె, 105 రకాలుగా ఎట్ల వండుకోవాలె అని చిన్న పుస్తకం వేసిండు. ఆయన పేరు మీద మ్యూజియం ఆయన బతికుండగానే పెట్టిన్రు. 1947లో అగ్గి పడి ఆయన గీసిన బొమ్మలు చాలా కాలిపోయినయి. మిగిలింది మళ్లీ సర్ది, ఇప్పుడు జాతీయ స్మారక స్థలంలో భాగంగా కాపాడుతున్నరు.

ఇక పల్లె బడుల ముచ్చట. వాషింగ్టన్ మాట మీద సియర్స్ కంపెనీ యజమాని జూలియస్ రోజెన్‌వాల్డ్ నల్లజాతి పిల్లల పల్లె బడులకు డబ్బు ఇచ్చిండు. 1912లో ఆరు బడులతో మొదలుపెట్టి 1932 నాటికి దక్షిణాది 15 రాష్ట్రాల్లో 4,977 బడులు కట్టిన్రు. ఇందులో గమనించాల్సింది ఏందంటే, ఆయన మొత్తం డబ్బు ఇయ్యలేదు. ఊరోళ్లు కూడా వేసుకోవాలె, ప్రభుత్వం కూడా వెయ్యాలె అన్నడు. చివరికి లెక్క చూస్తే ఆయన నిధి ఇచ్చింది 43 లక్షల డాలర్లు, పేద నల్లజాతి జనం కూడబెట్టింది 47 లక్షల డాలర్లు. దానమిచ్చిన షావుకారు కంటే కూలోళ్లే ఎక్కువ పెట్టిన్రు. అయినా పేరు మాత్రం రోజెన్‌వాల్డ్ బడులనే మిగిలింది.

మా వృత్తి మాట ఒకటి. ఆ బడుల నక్షాలు మొదట టస్కీగీలోనే తయారైనయి. కరెంటు లేని కాలం కాబట్టి తూర్పు, పడమర వెలుతురు వచ్చేటట్టు వరసగా పెద్ద పెద్ద కిటికీలు పెట్టిన్రు. బయటి నుంచి కిటికీలు చూసి ఇది రోజెన్‌వాల్డ్ బడి అని ఇప్పటికీ గుర్తు పట్టొచ్చు.

1954లో సుప్రీంకోర్టు నల్ల పిల్లలకు, తెల్ల పిల్లలకు వేరువేరు బడులు చెల్లవని తీర్పు ఇచ్చినంక ఈ బడులు మెల్లమెల్లగ మూతబడ్డయి. కొన్ని గడ్డివాములు పెట్టుకునే కొట్టాలైనయి, కొన్ని కూలినయి. 2002లో దేశంలో అన్నిటికంటే ప్రమాదంలో ఉన్న చారిత్రక కట్టడాల జాబితాలో వీటిని చేర్చిన్రు. అప్పుడు ఊరూరా పాత విద్యార్థులు లేచిన్రు. మేకన్ కౌంటీలో నోటసల్గా ఊరి దగ్గర షైలో చర్చి పక్కనున్న బడి గట్లనే నిలబడ్డది. అందులో చదివినోళ్లు, చర్చి వాళ్లు కలిసి బాగు చేసుకున్నరు.

ఆ బడి పక్కన చర్చి, దాని శ్మశానం ఉన్నయి. ఇది రాయడం కష్టమే గానీ రాయాలె.

1932లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య శాఖ డాక్టర్లు ఈ కౌంటీకి వచ్చిన్రు. పేద నల్లజాతి మగవాళ్లను 600 మందిని తీసుకున్నరు. 399 మందికి సిఫిలిస్ అనే సుఖరోగం ఉంది, 201 మందికి లేదు. రోగం ఉన్నోళ్లకు అసలు పేరు చెప్పలేదు, మీకు చెడ్డ రక్తం ఉందన్నరు. ఉచిత పరీక్ష, ఉచిత భోజనం, చచ్చిపోతే పాతిపెట్టే ఖర్చు ఇస్తమన్నరు. మందు మాత్రం ఇయ్యలేదు. మందు లేకుంటే రోగం మనిషిని ఎట్ల తింటదో చూడటమే వాళ్ల పని. 1940ల్లో పెన్సిలిన్ వచ్చి అందరికీ నయం అవుతున్నా వీళ్లకు అందనియ్యలేదు. 40 ఏళ్లు నడిచింది. 1972 జులైలో పేపర్లో వచ్చినంకనే ఆపిన్రు. ఫ్రెడ్ గ్రే అనే లాయరు కేసు వేసి 1974లో కోటి డాలర్ల పరిహారం ఇప్పించిండు. 1997 మే 16న ప్రెసిడెంటు క్లింటన్ క్షమాపణ చెప్పిండు. అప్పటికి బతికున్నది కొద్ది మందే.

ఆ మనుషుల్లో కొందరు షైలో శ్మశానంలోనే ఉన్నరు. మేము పోయినప్పుడు అక్కడ ఎవరూ లేరు, పిట్టల చప్పుడు తప్ప. టోపీలు తీసి నిలబడ్డం. టస్కీగీలో ఆ ఫ్రెడ్ గ్రే లాయరే ముందుండి చరిత్ర కేంద్రం పెట్టించిండు. అక్కడ ఆ మనుషుల పేర్లు రాసి పెట్టిన్రు. ప్రపంచం అంతా వాళ్లను సంఖ్య కింద చదివింది, సొంత కౌంటీ వాళ్లు పేరు పెట్టి పిలుస్తున్నరు. ఇంకో మాట కూడా అంటరు: దీన్ని "టస్కీగీ ప్రయోగం" అనకండి, చేసింది ప్రభుత్వ ఆరోగ్య శాఖ, మా ఊరు పడ్డది. ఊరి పేరు మీద మచ్చ పడొద్దని వాళ్ల బాధ.

గల్ఫ్‌లో ఉన్న అన్నలారా, అర్థం కాని భాషలో కాగితం పెట్టి సంతకం పెట్టమంటే పెట్టినోళ్లం మనమూ చాలా మందిమి. మనుషుల మీద పరీక్షలు చేసే ముందు వాళ్లకు అర్థమయ్యేటట్టు చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలని 1974లో అమెరికా చట్టం గట్టి చేసిందంటే ఈ పల్లెటూరి మనుషుల వల్లనే.

చరిత్ర గోడల్లోనే కాదు, కాగితాల్లో కూడా ఉంటది. 1908లో మన్రో వర్క్ అనే ఆయన టస్కీగీ బడికి వచ్చి ఒక రికార్డుల విభాగం పెట్టిండు. పని ఏందంటే, దేశంలో పేపర్లన్నీ తెప్పించి నల్లజాతి వాళ్ల మీద వచ్చిన ప్రతి ముక్కను కత్తిరించి, తేదీ వేసి దాచుడు. గుంపు కట్టి విచారణ లేకుండా మనుషులను చంపిన ఘటనలన్నీ లెక్క కట్టిన్రు. ఆయన తర్వాత కూడా ఆ పని సాగింది. 1882 నుంచి 1968 దాకా 4,743 మంది, అందులో 3,446 మంది నల్లజాతి వాళ్లు. ఈ లెక్క లేకపోతే రేపు ఎవరైనా "అట్లాంటివి ఎక్కడో ఒకటి రెండు" అనేటోళ్లు. కత్తెర, జిగురు, ఓపిక. ఇంకేం ఆయుధం లేదు.

1957లో ఇంకో ముచ్చట. నల్లజాతి ఓటర్లు పెరుగుతున్నరని రాష్ట్ర ప్రభుత్వం టస్కీగీ ఊరి హద్దులు మార్చింది. నలుపలకలుగా ఉన్న ఊరిని 28 మూలల వంకర ఆకారం చేసిన్రు. సుమారు 400 మంది నల్లజాతి ఓటర్లలో నలుగురైదుగురు తప్ప అందరూ హద్దు బయట పడ్డరు. ఒక్క తెల్ల ఓటరు కూడా బయటికి పోలేదు. చార్లెస్ గోమిలియన్ అనే పంతులు కోర్టుకు పోయిండు. జనం ఆ దుకాణాల్లో కొనుడు బంద్ పెట్టిన్రు. 1960లో సుప్రీంకోర్టు ఇది చెల్లదన్నది. తీర్పు చివర ఆ పాత హద్దు, కొత్త హద్దు పటం జోడించి ఉంది. వంద మాటలు అక్కర్లేదు, పటం చూస్తే చిన్న పిల్లలకు కూడా అర్థమైతది. సర్వే నంబర్లతో, హద్దు రాళ్లతో కొట్లాడినోళ్లం మనం, దాని విలువ మనకు తెలుసు.

మరి చదువు రానోళ్ల చరిత్ర? పక్క కౌంటీ టాలపూసాలో నెడ్ కాబ్ అనే రైతు ఉండె. చదవను రాయను రాదు. 1932లో పక్కింటాయన పశువులను జప్తు చేయడానికి అధికారులు వస్తే అడ్డం నిలబడ్డడు. తుపాకులు పేలినయి. ఆయన 12 ఏళ్లు జైల్లో ఉన్నడు. 1969లో ఒక చదువుకునే కుర్రాడు టేప్ రికార్డరు పట్టుకుని వచ్చి అడిగితే 80 దాటిన ఆ ముసలాయన తన బతుకంతా చెప్పిండు. ఏ మ్యూల్ ఎంతకు కొన్నడు, ఏ ఏడు పత్తి ఎంత వచ్చింది, ఎవరు ఎట్ల మోసం చేసిన్రు, అన్నీ. 1973లో ఆయన చనిపోయిండు, 1974లో పుస్తకం వచ్చింది, దేశంలో పెద్ద బహుమతి వచ్చింది. ఆ కుర్రాడు ఐదేళ్లు ఆలస్యంగా వచ్చి ఉంటే ఏమీ మిగిలేది కాదు.

ఈ మాట కాడ మేము ఆగిపోయినం. ఎందుకో చెప్తం.

మా నాయిన పాలమూరు లేబరు. గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని ఏడాదికి తొమ్మిది నెలలు బయటనే. శ్రీశైలం డ్యాము పని మీద కూడా ఉన్నడు. అమ్మ కూడా అక్కడ రాయి, మట్టి మోసింది. ఆ డ్యాము నీళ్లలో మన దిక్కు ఊర్లు ఎన్నో మునిగినయి. కూడవెల్లి సంగమేశ్వర గుడి మునగకుండా రాయి రాయికి నంబరేసి విప్పి, అలంపురం తెచ్చి మళ్లీ కట్టిన్రు. మంచి పనే చేసిన్రు. గుడికి మేము కూడా దండం పెట్టుకున్నం. కానీ రాళ్లకు నంబర్లు వేసినట్టు, డ్యాము కట్టిన కూలీల పేర్లు మా ఊర్లో ఎవరన్నా రాసిపెట్టిన్రా? పని మీద చచ్చిపోయినోళ్ల పేర్లు రాసిపెట్టిన్రా? గుంపు మేస్త్రి దగ్గర ఒక పొడుగు పుస్తకం ఉండె. ఎవరు ఏ రోజు పనికొచ్చిన్రు, ఎంత అడ్వాన్సు, అన్నీ అందులోనే. మేము చిన్నప్పుడు చూసినం. ఆయన పోయినంక ఇల్లు కూలగొట్టి కొత్తది కడుతుంటే పాత సామానుతో పాటు అది కూడా పాత కాగితాలోనికి పోయింది. కిలోకు ఎంత వచ్చిందో.

నాయిన చనిపోయినప్పుడు మేము దుబాయ్‌లో ఉన్నం. మట్టికి కూడా అందలేదు. ఆయన ఏ ఏడు ఏ పని మీద ఉన్నడో మేము ఎప్పుడూ కూర్చుని అడగలేదు. ఫోన్ చేస్తే పైసలు అందినయా, ఆరోగ్యం ఎట్లుంది, వానలు పడ్డయా, ఇంతే. తప్పు ఇంకొకరిది కాదు, మాదే.

మేకన్ కౌంటీ చూసినంక మాకు అర్థమైంది ఏందంటే, చరిత్రను గవర్నమెంటు వచ్చి కాపాడలేదు. చర్చి వాళ్లు శ్మశానం ఊడ్చిన్రు, పాత విద్యార్థులు బడికి సున్నం వేసిన్రు, ఒక పంతులు పేపర్లు కత్తిరించిండు, ఒక లాయరు పేర్లు రాయించిండు. గవర్నమెంటు బోర్డులు ఆ తర్వాత వచ్చినయి. ఇంకోటి, వాళ్లు మంచి ఒక్కటే దాచలేదు. ఇటుకల గొప్పతనమూ చెప్తరు, సుఖరోగం పేరు మీద జరిగిన మోసమూ చెప్తరు. సిగ్గు పడాల్సింది పడ్డోళ్లు కాదు, చేసినోళ్లు అని వాళ్లకు తెలుసు.

అందుకని మేము నలుగురం ఒక పని మొదలుపెట్టినం. ప్రతి ఆదివారం ఒకరి ఇంటికి వాట్సాప్ కాల్ చేసి పెద్దోళ్లను అడుగుతున్నం, రికార్డు చేస్తున్నం. ఊరి పేరు, పని పేరు, ఏడు, గుంపులో ఉన్నోళ్ల పేర్లు, కూలి ఎంత, ఎక్కడ పండుకున్నరు, ఎవరు పోయిన్రు. ఏడు గుర్తు లేకపోతే "ఏ పిల్ల పుట్టినప్పుడు, ఏ కరువు అప్పుడు" అని అడగండి, గుర్తొస్తది. రికార్డు చేసింది రెండు ఫోన్లలో పెట్టండి, ఒక నోటుబుక్కులో కూడా రాయండి. ఫోను పోతది, పుస్తకం ఉంటది. మన గల్ఫ్ క్యాంపు ఫోటోలు కూడా అంతే. వెనుక పేర్లు, తేదీ రాయండి. మీ పాత లేబర్ కార్డు, గేట్ పాసు పారేయకండి.

మా అమ్మకు ఇప్పుడు డెబ్బై దాటినయి. మొదటి రోజు కాల్ చేసి శ్రీశైలం గురించి చెప్పమ్మా అంటే, "గవన్నీ ఇప్పుడెందుకు బిడ్డా, తిన్నవా?" అన్నది. తిన్న అని చెప్పి మళ్లీ అడిగినం. కొద్దిసేపు ఊకున్నది. తర్వాత గుంపులో ఉన్నోళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పుడు మొదలుపెట్టింది. ఆ రోజుకు పదకొండు పేర్లు వచ్చినయి. పన్నెండో ఆమె పేరు నాలుక మీదనే ఉంది గానీ రావట్లేదన్నది. వచ్చే ఆదివారం మళ్లీ అడుగుతం.

మీ ఇంట్లో ఎవరున్నరో చూసుకుని మీరు కూడా ఈ వారమే కాల్ చేయండి.